గౌరి భుజాలు తగ్గించినందుకు

సాల్ట్ లేక్‌లో మేం చేసే మొబైల్ గేమ్‌లో గౌరి అనే ఓడరేవు కూలీ పాత్ర ఉంది. రాబోయే అప్‌డేట్‌లో ఆమె భుజాలు సన్నగా చేసి, హైహీల్స్ తొడిగాం. గీసింది నేనే. విడుదలకి ముందు ఆ బొమ్మ ఆటగాళ్లకి చూపించి, ఎలా ఉందో చెప్పమన్నాం. గేమ్‌లో నా తెలుగు పేరు చూసి, గార్డెన్ రీచ్ ఓడరేవు దగ్గరుండే తెలుగమ్మాయొకతె ఈ రోజు వాయిస్ మెసేజ్ పంపింది.

"అక్కా, మా గౌరిని ఏటి చేసీసినారు? ఆ చెప్పులేసుకుని మా అమ్మ డాక్‌లో ఒక్క పూట పని చెయ్యగల్దేటి?"

సిగ్గేసింది. మీటింగ్‌లో అందరికీ వినిపించి, అర్థం చెప్పాను.

"రెండ్రోజులు అరిచి మర్చిపోతారు. బొమ్మ ఫైలు పంపించెయ్" అన్నాడు మా బెంగాలీ టీమ్ లీడ్.

"అభిప్రాయం చెప్పమని అడిగింది మనమే కదా, దాదా! పాత గౌరి తిరిగొచ్చేదాకా ఫైలు ఇవ్వను."

ఫైలు లేక అప్‌డేట్ ఆగిపోయింది. సాయంత్రానికి తనే వచ్చి "మార్చు" అన్నాడు. మారుస్తున్నాను. ఈ గేమ్ ఆడే మీరు కూడా మొహమాటపడకుండా తిట్టండి, వింటాను.