ఇంకా ఆరలేదు

మా బాబాయి బొమ్మ పూర్తిచేయగా చూసినవాళ్ళున్నారు కానీ, అది ఆరిందని ఆయన నోట విన్నవాళ్ళు లేరు. ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "ఇంకా ఆరలేదు."

ఆరే యోగం దానికెక్కడిది! నూనె రంగుని కుంచెతో కాదు, గోడలు కట్టే తాపీతో పూసేవాడు. తాపీతో, తాపీగా. కాన్వాసు నిండా గట్లు, గుంటలు, పెచ్చులు. వాటి మధ్య ఒకదాన్నొకటి తోసుకుంటూ చతురస్రాలూ త్రిభుజాలూ.

"ఇది బొమ్మా, గోడా? ఓ మేకు కొట్టి చొక్కాలు తగిలించుకోండి," అనేది పిన్ని.

"ముందు ఆరనీవే."

"పెళ్ళినాడు మీ మీదొచ్చిన కోపమే ఇంకా ఆరలేదు. ఇదేం ఆరుతుంది!"

ఎదురింటి లెక్కల మేష్టారు రిటైరయ్యారు. ఆపైన భార్య పోయింది. ఇక గడప దాటడం మానేశారు. పలకరించడానికి వెళ్ళిన బాబాయి, ఎర్ర త్రిభుజం బొమ్మ మీకేనని మాటిచ్చి వచ్చాడు. "ఆరగానే పట్టుకెళ్దురుగాని. ఈలోగా ఓసారొచ్చి చూడండి."

మేష్టారు వచ్చారు. కళ్ళజోడు సవరించుకున్నారు. "దీన్ని త్రిభుజమంటారా? మూడు కోణాలూ కలిపి నూట ఎనభై వస్తే నా మీసం తీయించుకుంటాను!"

"ఆరితే వస్తుంది లెండి. రేపు రండి."

మర్నాడు కోణమానిని పట్టుకుని వచ్చారు. ఆ తర్వాత వాదించడానికి వచ్చారు. వానలు వెలిశాయి, చలి పోయింది, నడివీధిలో తారు కరిగే ఎండలొచ్చాయి. బొమ్మ మాత్రం ఆరలేదు. మేష్టారి కూతురు పిన్నితో అంది: "నాన్న మళ్ళీ ఇస్త్రీ చొక్కా అడుగుతున్నారు పిన్నిగారూ!"

ఓ పొద్దున నేనక్కడే ఉన్నాను. గేటు కిర్రుమంది. బాబాయి ఒక్క గెంతులో వెళ్ళి, త్రిభుజం మూలన ఇంత పచ్చి రంగు మెత్తాడు. మిగతాది తడిమి చూశాను.

"రాయిలా ఉంది కదా బాబాయ్!"

"ష్! ఆరిందంటే పట్టుకుపోతాడు. పట్టుకుపోయి మళ్ళీ తలుపేసుకుంటాడు." టీ వంకతో లోపలికి జారుకున్నాడు.

మేష్టారు వచ్చి, బొమ్మ మీద మధ్యవేలితో కొట్టారు. ఠక్, ఠక్. నా వంక చూశారు. మూలనున్న పచ్చి రంగు చూశారు.

"మీ బాబాయికి చేతకాదు. ఇంత పలచగా పూస్తే ఆరిపోదూ!"

తాపీ అందుకుని, మరో ముద్ద తీసి, దాని మీదే దిట్టంగా పట్టించారు. బొటనవేలు రుమాలుకి తుడుచుకుని, వంటింట్లోకి వినబడేలా కేకేశారు:

"ఇంకా ఆరలేదోయ్! రేపొస్తా!"