అమ్మమ్మ వేసిన వేటు

నా చిన్నప్పుడు తుపానొచ్చి ఉద్దానంలో జీడి చెట్లన్నీ కూలిపోయాయి. మూడేళ్లు గడిచినా మా ఊళ్లో ఎవరికీ పని లేదు. కొట్టడానికి జీడిపిక్కలు లేవు గనక పలాసలో జీడి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మగవాళ్లు పొద్దున్నే అరుగుల మీద చేరి, పని ఎందుకు లేదంటే ఈ పార్టీవాళ్లు ఆ పార్టీవాళ్లను చూపించేవారు. చివరికి సర్కారు పంచిన జీడి మొక్కలకు కూడా పార్టీ అంటగట్టారు. పాత ప్రభుత్వం ఇచ్చింది కాబట్టి అవి ఆ పార్టీ మొక్కలట! ఇంతకంటే తెలివితక్కువ మాట జన్మలో వినలేదు. కానీ అప్పుడు నేనూ నమ్మాను.

మా నాన్నది ఒక పార్టీ, మా అమ్మ తమ్ముడైన మావయ్యది రెండో పార్టీ. మావయ్యా అమ్మమ్మా ఆ మొక్కలే నాటి, బిందెలతో నీళ్లు మోసి మోకాలెత్తు పెంచారు. ఎన్నికల ముందు మా వీధిలో మీటింగు పెట్టి, మీ నోటికాడ కూడు లాక్కున్నది వాళ్లేనని ఒక నాయకుడు మైకులో అరిచాడు. అది విని నాన్న తిన్నగా మావయ్య తోటకు పోయి మొక్కలు పీకడం మొదలుపెట్టాడు. వెనకాలే వెళ్లి నేనూ రెండు పీకాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, భలే సరదాగా ఉండింది.

మావయ్య కత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "బావా, ఆగు" అని ఒక్కసారే అన్నాడు. నాన్న ఇంకో మొక్క మీద చెయ్యి వేశాడు. కత్తి దిగింది. నాన్న కుడిచేతి వేళ్లు రెండు ఇసకలో పడ్డాయి, నెత్తురు నా గౌను మీద చిమ్మింది. అమ్మమ్మ బిందె పడేసి వచ్చి, చీర కొంగు చింపి నాన్న చేతికి బిగించి కట్టింది. ఆ కేకలు విని నాన్న పార్టీవాళ్లు కర్రలు, గొడ్డళ్లతో తోటలోకి వచ్చేస్తున్నారు. అమ్మమ్మ లేచి మావయ్య చేతిలోంచి కత్తి లాక్కుంది.

"ఎవుడ్రా ఏసింది? ఆడ్ని ఈ పొద్దు ఇక్కడే పాతీత్తాం!" అన్నాడు ముందున్నవాడు.

"నానే," అంది అమ్మమ్మ. "నా మొక్కలు పీకితే నానే ఏసినాను. నరికితే నన్ను నరకండి."

వాళ్లు నమ్మలేదు. నాన్నకు స్పృహ లేదు. ఒకడు నా జబ్బ పట్టుకుని గుంజాడు.

"ఓలె గుంటా, నువ్వు సూసినావు కదేటి. ఎవులు ఏసినారో సెప్పు."

మావయ్య పేరు నా నాలుక చివరనే ఉంది. నాన్న వేళ్లు నరికినవాణ్ణి చంపెయ్యాలనే ఉంది నాకూ. అమ్మమ్మ నన్ను బతిమాలలేదు, కనుసైగ కూడా చెయ్యలేదు. నేను కత్తి పట్టుకున్న ఆమె చేతులకేసి చూశాను. ఏళ్ల తరబడి పిక్కలు కొట్టీ కొట్టీ, తొక్కలోని నూనెకు కాలి నల్లబడ్డ చేతులవి. ఆ చేతులకూ మూడేళ్లుగా పని లేదు. అయినా ఆమె ఎవరి మొక్కా పీకలేదు.

"అమ్మమ్మే" అన్నాను.

ముసలిదాని మీద గొడ్డలి ఎత్తడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. తిట్టి, ఉమ్మేసి, ఆమె ఇంటి తడిక విరగదన్ని పోయారు. తెలివొచ్చాక నాన్న కూడా అత్తే వేసిందన్నాడు. ఎందుకన్నాడో నేను అడగలేదు. మిగిలిన మొక్కలు కాపుకొచ్చిన ఏడాది మావయ్య మొదటి పిక్కలు బుట్టలో తెచ్చి మా గుమ్మంలో పెట్టి, లోపలికి రాకుండానే వెళ్లిపోయాడు. నాన్న మూడు వేళ్లతో ఆ బుట్ట ఎత్తి లోపల పెట్టాడు.

ఇప్పుడు మళ్లీ పనుల్లేవు. మా మనవలు ఫోన్లు పట్టుకుని, ఇదంతా ఎవరి వల్ల అని కొట్టుకుంటున్నారు. ఏలేవాళ్లను అడగొద్దని నేను అనను, గట్టిగా అడగమనే అంటాను. కానీ ఈ పిల్లల నోట పక్కింటివాడి పేరు రాగానే ఆనాటి పట్టు నా జబ్బ మీద మళ్లీ బిగుసుకుంటుంది. మా అమ్మమ్మను ఊళ్లో ఈ రోజుకీ అల్లుడి వేళ్లు నరికిన మనిషనే అంటారు. నాన్న లేడు, మావయ్య లేడు. ఆ వేటు ఆవిడ వెయ్యలేదని నేను చెప్పడం ఇదే మొదటిసారి.