పెద్ద వాటాకే పెద్దరికం

రేపల్లె రాఘవయ్య గారికి ముప్పై ఏళ్లుగా ఒకటే వ్యాపకం: పిలిచినా పిలవకపోయినా వెళ్లి అన్నదమ్ముల పొలాలు పంచడం. కొల్లూరు లంకల అరటితోటల నుంచి కాకుమాను మాగాణి దాకా ఆయన వేలు పెట్టని గట్టు లేదు. పెద్ద వాటా ఎవరిదో పెద్దరికం వాళ్లదే అన్నది ఆయన చట్టం. దానికి అప్పీలు లేదు.

ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు భార్య అంకమ్మది. ఊడ్పుల పాటలు, పెళ్లిపాటలు, తను సొంతంగా కట్టినవి అన్నీ నాలుగేళ్లపాటు అందులో పాడి పెట్టుకుంది. నిరుడు గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆమెకు మాట పోయింది. ఆ గొంతు ఇక మిగిలింది ఆ డబ్బాలోనే. ఇంకో కాపీ తీసి ఉంచాలని ఎవరికీ తోచలేదు.

ఒకరోజు ఆ డబ్బా చోటు చాలడం లేదని మొరాయించింది. చోటు సంగతి తనకంటే ఎవరికి తెలుసని రాఘవయ్య గారు కూర్చున్నారు. తెర మీద డిస్కు పటం, అందులో మూడు వాటాలు. వేలెడంత ముక్కకు ‘యాక్టివ్’ అని బిరుదు. పాటలున్న పెద్ద వాటాకు ఏమీ లేదు. ఆయనకు ఒళ్లు మండింది. ఆ బిరుదు ఊడబీకి పెద్ద వాటాకు కట్టబెట్టారు. కంప్యూటరు వద్దని హెచ్చరించింది. అవతలి పార్టీ ఏడుపులు ఆయనకు కొత్తా? సరేనని నొక్కేశారు.

మర్నాడు నల్లతెర తప్ప ఏమీ రాలేదు. బాపట్లలో ఒక షాపతను రెండు నిమిషాలు చూసి, "మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించాలండి" అన్నాడు. "కానీయ్" అన్నారు రాఘవయ్య గారు, తీర్పులో జాప్యం గిట్టదు గనక. అంకమ్మ మాత్రం డబ్బాను ఒడిలోకి లాక్కుని, తెనాలి తీసుకెళ్లేదాకా వదల్లేదు.

తెనాలిలో కంప్యూటర్లు బాగుచేసే హిమబిందు తన పెన్‌డ్రైవుతో డబ్బాను లేపి, లోపలంతా చూసి అడిగింది. "ఈమధ్య ఇందులో ఎవరైనా ఏమన్నా మార్చారాండీ?"

"అబ్బే, ఎవరు మారుస్తారమ్మాయ్?"

అంకమ్మ వేలు నేరుగా భర్త వైపు లేచింది.

"పంపకం సరిచేశానంతే," అన్నారాయన. "అంత చిన్నముక్కకి పెద్దరికమేంటి?"

"బాబాయిగారూ, కంప్యూటర్ ఆన్ అవగానే ఆ ‘యాక్టివ్’ గుర్తున్న చోటికే వెళ్తుందండి. దాన్ని లేపే సరంజామా అంతా ఆ చిన్నముక్కలోనే ఉంది. మీ పెద్ద వాటాలో పాటలు తప్ప ఏం లేవు."

"అయితే పాటలు?"

"భద్రంగా ఉన్నాయండి. తుడిచేసుంటే పోయేవి."

బాపట్లలో తాను సరేనన్న సంగతి గుర్తొచ్చి, రాఘవయ్య గారు పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు.

హిమబిందు గుర్తును మళ్లీ చిన్నముక్కకే పెట్టి, పెన్‌డ్రైవు తీసేసి మళ్లీ ఆన్ చేసింది. ఈసారి మామూలుగానే తెరుచుకుంది. అంకమ్మ గబగబా ఒక పాట మీద నొక్కింది. షాపంతా ఆమె పాత గొంతు:

"ఊరి పొలాలన్నీ పంచేటి మావా,
పొయికాడ పనిలో వాటా లేదా మావా?"

హిమబిందు నవ్వాపుకోలేకపోయింది.

"నా మీదా? ఎప్పుడు కట్టావే ఇది?"

హిమబిందు తేదీ చూసి చెప్పింది. "మూడేళ్లయిందండి."

ఆ మూడేళ్లూ ఆయన పక్కగదిలోనే ఉన్నారు. అంకమ్మ పెదాలు పాటతోపాటు కదులుతున్నాయి. చప్పుడు లేకుండా భుజాలు ఊగేలా నవ్వుతోంది. ఆ నవ్వుకు గొంతు లేదని అప్పుడే తెలిసినవాడిలా రాఘవయ్య గారు ఆమెనే చూశారు.

పాట అయిపోయింది.

"మళ్లీ వెయ్యమ్మాయ్," అన్నారాయన. "ఈసారి వింటాను."