సాయంత్రానికి గుక్కెడు

కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పద్దులు రాయడం నా ఉద్యోగం. ఇంటికి వచ్చాక డైరీ రాస్తాను. తేదీ, వాతావరణం, కలిసిన మనుషులు, అయిన ఖర్చు. అంతకు మించి అందులో ఏమీ ఉండదు. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే "ఏ రోజు? చూసింది ఎవరు?" అని అడిగి కథ పాడుచేసే మనిషిని నేను. ఇప్పుడు రాస్తున్నదానికి రోజు తెలుసు, చూసిన మనిషీ తెలుసు. అయినా లెక్క తేలలేదు.

మాకొక చిన్న బృందం ఉంది. జియోకేచింగ్ అనే ఆట ఆడతాం. ఒకరు ఒక డబ్బాలో చిన్నచిన్న వస్తువులూ, సంతకాల కాగితమూ పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ఫోనులో అందరికీ పంపుతారు. మిగతావారు వెతికి పట్టుకుని, సంతకం చేసి, డబ్బాను తిరిగి అక్కడే పెట్టి రావాలి. పలాస నుంచి టెక్కలి దాకా, ఉద్దానం తీరం పొడవునా ఇలా తిరిగాం. ఊళ్లలో మమ్మల్ని "పెట్టెలోళ్లు" అంటారు.

ఈ పిచ్చి మాకు అంటించినవాడు సింహాచలం. ఉద్దానంలో కొబ్బరి రైతు. వయసులో నాకన్నా చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. అతని కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు ఈ మాట విని ఎవరూ ఆశ్చర్యపోరు. డయాలసిస్‌కు వెళ్లే రోజులు పోగా మిగిలిన రోజుల్లో డబ్బాలు దాచేవాడు.

రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టర్లు హద్దు పెట్టారు. అతని భార్య వరలక్ష్మి ఒక చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి ఇచ్చేది. మాతో ఎండలో తిరిగేటప్పుడు ఆ గ్లాసు అతని సంచిలో ఉండేది. మేము సీసాలెత్తి గటగటా తాగుతుంటే అతను గ్లాసు పట్టుకుని పక్కకు తిరిగి కూర్చునేవాడు. ఎవరైనా జాలిపడి ఇంకాస్త పోయబోతే "లెక్కుంది" అని చేయి అడ్డం పెట్టేవాడు.

చివరిసారి ఆసుపత్రిలో చేరేముందు సముద్రం దగ్గరి ఒక జీడితోటలో ఒక డబ్బా దాచాడు. "అందులో నీదొకటుంది. మనోళ్లు తెచ్చిత్తార్లే" అని వరలక్ష్మితో చెప్పాడట. ఆసుపత్రి నుంచి అతను తిరిగి రాలేదు.

పెద్దకర్మ రోజున అతనికి నీళ్లు పెట్టడానికి వరలక్ష్మి ఆ గ్లాసు కోసం ఇల్లంతా వెతికింది. ఆసుపత్రిలో పోయి ఉంటుందన్నారు. వేరే గ్లాసులో పెట్టింది. ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్లినా అదే మాట. "కొలత తెలీని గళాసులో ఎట్టీసినాను వదినా. ఎంత తాగాలో తెలీక ఏటైపోనాడో."

ఆ డబ్బా కోసం మేము ఎన్నోసార్లు వెతికాం. అతను పంపిన చోట తుఫానుకు చెట్లు కూలి ఉన్నాయి, ఇసుక మేట వేసింది. కొమ్మల గుబురులో ఫోను చూపే చోటు కొంత అటూ ఇటూ అవుతుంది కూడా. దొరకలేదు. ఇంతలో ఈ వేసవిలో తోట యజమాని చెట్లు అమ్మేశాడని, సోమవారం యంత్రం వస్తుందని తెలిసింది. అందుకే ముందురోజు, ఆదివారం, అందరం ఆ తోటలోనే కలుద్దామని కబురు పెట్టాను. పులిహోర, మజ్జిగ ఏర్పాటు నాది. వరలక్ష్మిని తీసుకురావడం తేజ పని. అతను కాశీబుగ్గలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, ఖాళీ వేళల్లో ఆటో నడుపుతాడు.

అందరికన్నా ముందు నేను చేరాను. తోటకు కాపలాగా దమయంతి అనే ఆమె ఉంది. కంచిలి వైపు నుంచి ఈ పంటకే కొత్తగా వచ్చింది. సింహాచలాన్ని ఎరగదు. నేను గిన్నెలు దించుతుంటే దగ్గరకొచ్చింది.

"మీ పెట్టెలోళ్ల ఆయన ఎలిపోనాడమ్మా" అంది.

మా వైపు ఊరికి వెళ్లినవాడికీ అదే మాట, చనిపోయినవాడికీ అదే మాట. ఎవరో చెప్పి ఉంటారు, పరామర్శ అనుకున్నాను.

"అవునమ్మా. చాలా బాధపడి వెళ్లాడు" అన్నాను.

"బాదేటి? నవ్వుతానే ఎల్లినాడు గాదా! టీ ఎట్టనా బావూ అంటే వద్దన్నాడు. నీల్లడిగినాడు. గళాసు తనదే తీసినాడు, ఇంతే ఉంది, సిన్నపిల్లల గళాసునాగ. ఇంకాసింత పొయ్యనా అంటే లెక్కుందన్నాడు. అదిగో, ఆ వంగిన సెట్టు కింద కూకుని తాగినాడు. ఇందాకే, మీరొచ్చే ముందల."

గిన్నె కింద పెట్టేశాను. ఎలా ఉన్నాడని అడిగాను.

"సన్నగా. ఎడం సెయ్యి మీద నరాలుబ్బి ఉన్నాయి, డయాలసిస్ సూదులు గుచ్చే సేతినాగ. మా ఊళ్లోనూ అలాటి సేతులే కదమ్మా, సూడగానే తెలిసిపోద్ది."

బృందంలో అలాంటి చేయి ఉన్నవాడు ఒక్కడే.

మిగతావారు ఒక్కొక్కరే చేరారు. తేజ ఆటోలో వరలక్ష్మి వచ్చింది. తేజ దిగుతూనే అలవాటుగా నాతో వేళాకోళం మొదలుపెట్టాడు. "అక్కా, మా బావ నిజంగా పెట్టె ఎట్టినాడంటావా, మనల్ని ఎర్రోళ్లని సేసి పైనుంచి సూత్తన్నాడంటావా?" వరలక్ష్మి కూడా కాస్త నవ్వింది. "నీ బావకి అంత తెలివే ఉంటే కొబ్బరికి మంచి రేటు తెచ్చీవోడు" అంది.

ముందుగా ఆ వంగిన చెట్టు దగ్గర చూద్దామన్నాను. ఎందుకని తేజ అడిగాడు. "ఊరికే" అన్నాను. నా నోట ఆ మాట అతను అంతకుముందు విని ఉండడు. మేము ఇన్నాళ్లూ వెతికిన చోటికి అది బాగా ఎడంగా ఉంది.

వేళ్ల మధ్య తొర్రలో, ఇసుకా ఎండుటాకులూ తొలగిస్తే డబ్బా కనిపించింది. మూత చుట్టూ ఇసుక గట్టిపడి ఉంది. మూత మీదుగా సన్నటి వేళ్లు పాకి ఉన్నాయి. తేజ వాటిని తెంచితే గాని డబ్బా బయటికి రాలేదు. అంటే ఇటీవల దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇది నా కళ్లతో చూశాను.

రబ్బరు పట్టీ ఉన్న గట్టి మూత. తెరిచాం. సంతకాల కాగితం పెళపెళలాడుతూ పొడిగా ఉంది. పక్కనే నిటారుగా, కొబ్బరి పీచు మధ్య కదలకుండా అమర్చిన ఆ స్టీలు గ్లాసు. అడుగున నీళ్లున్నాయి. ఒక గుక్కెడు.

వరలక్ష్మి గ్లాసును రెండు చేతులతో తీసుకుని లోపలికి చూసింది. దమయంతి చెప్పిన సంగతి నేను ఆమెకు ఇంకా చెప్పలేదు.

"ఎప్పుడూ ఇంతే వదినా" అంది. "పూర్తిగా తాగీసీవోడు కాదు. అడుగున గుక్కెడు ఉంచీవోడు, సాయంత్రానికని."

ఆ తర్వాత చాలా ఆలోచించాను. దాచేటప్పుడు అతనే నీళ్లు వదిలి ఉంటే ఇన్నాళ్ల ఎండలకు ఆ తేమ కాగితానికి పట్టాలి. మంచు పట్టి నీరయిందన్నా కాగితం ముందు తడవాలి. దమయంతి చూసినది మరెవరో రోగిని కావచ్చు. ఉద్దానంలో నీళ్లు కొలుచుకుని తాగేవారు చాలామంది. కాని ఆ మనిషి ఎవరో ఎంత అడిగినా తెలియలేదు. వేళ్లు పాకిన మూత కింద గ్లాసులోకి నీళ్లు ఎలా వచ్చాయో దేనివల్లా తేలలేదు. ఆనాటి డైరీలో వచ్చినవారి పేర్లు రాసి, ఒక పేరు దగ్గర కలం ఆపాను. ఆ వరస ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఆ నీళ్లు పారబోయమని ఎవరూ అనలేదు. పులిహోర ఎవరూ సరిగా తినలేదు. తిరుగు ప్రయాణంలో ఆటోలో వరలక్ష్మి ఎదురుగా కూర్చున్నాను. గుంతల దారి. తేజ ఎన్నడూ లేనంత నెమ్మదిగా నడిపాడు. ఆమె గ్లాసు మీద అరచేయి మూతగా పెట్టుకుని దారి పొడవునా దానివైపే చూస్తూ కూర్చుంది.

ఇల్లు చేరేసరికి ఇంకా మధ్యాహ్నమే. గ్లాసును అతని ఫొటో ముందు పెట్టింది. నేను వెళ్తానని లేచాను.

"ఉండు వదినా" అంది. "సాయంత్రమవనీ."