చీర ఉయ్యాల తాళం

ఖానాపూర్ల చిన్నబడికి నేను పంతులమ్మగ పోయిన కొత్తల్ల, పెద్దసారు నన్ను పిలిచి, "అమ్మా, బడి పండుగకు ఒకటో తరగతి పిల్లలతోని చిరుతలు వాయించుకుంట పాట పాడించు. ముద్దుగుంటది" అన్నడు. మా బాపు భజనల చిరుతలు, గవే చేతిల పట్టే చెక్క తాళాలు, వాయించేటోడు. చిన్నప్పటి సంది ఆ చప్పుడు ఇనుకుంటనే పెరిగిన. గిదేం పెద్ద పని అనుకున్న.

వడ్లాయన చిన్న చేతులకు సరిపడ చిరుతలు చెక్కి ఇచ్చిండు. వాన మీద నేనే ఒక పాట కట్టిన. మొదటి రోజు పాట మెల్లగనే మొదలైంది. రెండో చరణానికి పరుగందుకున్నది. ఆఖరుకు మంచిర్యాల టేషన్ దాటిన రైలు లెక్క ఉరికింది. ఒక బొద్దు పిలగాడు అందరికంటె ముందుగాల ఆపి, చిరుతలు పైకెత్తి, "నాదైపోయింది!" అని మొత్తుకున్నడు.

"గిది పందెం కాదు బిడ్డా, అందరు ఒక్కతీరుగ కొట్టాలె" అన్న.

"మరి వాళ్లనే జల్ది కొట్టుమనుండ్రి" అన్నడు.

బల్ల మీద రూళ్లకర్రతోని తాళం వేసి చూపిస్తే, రూళ్లకర్రతోనే పందెం పెట్టుకున్నరు. అంకెలు చెప్పుకుంట కొట్టుమంటే నాలుగు దగ్గర ఆగకుంట పదిదాక పోయిన్రు. లెక్కలైతే వచ్చినయ్ గని తాళం రాలే. ఇంటికి పోయినా నా చెవులల్ల టకటకే.

మా తరగతిల ఒక పిల్ల ఉండె. వాళ్లను కన్న అవ్వ కూలికి పోతది కాబట్టి, చంటి తమ్ముణ్ణి సంకనేసుకొని బడికి వచ్చేది. దూలానికి పాత చీర ఉయ్యాల కట్టి, వాణ్ణి అండ్ల పండవెట్టి, తాడు గుంజుకుంట పాఠం వినేది. పెద్దసారు చూసీ చూడనట్టు పోయేటోడు.

ఒకనాడు చిరుతల మోతకు పోరడు ఉలిక్కిపడి లేచి ఏడ్వవట్టిండు. ఆ పిల్లకు కోపమొచ్చింది.

"జర ఆగుండ్రి! మావోని ఉయ్యాల గిటు దిక్కు వచ్చినప్పుడే కొట్టాలె" అని అందరిని గద్దించింది.

పిల్లలు ఉయ్యాల దిక్కు చూసుకుంట కొట్టిన్రు. ఉయ్యాల వచ్చింది, టక్కు. పోయింది, మళ్ల వచ్చింది, టక్కు. బొద్దు పిలగాడు ఎప్పటి లెక్కనే ముందుగాల కొట్టి చూస్తే ఉయ్యాల ఇంకా అటు దిక్కే ఉన్నది. సిగ్గుతోని నవ్విండు. ఉయ్యాలను జల్ది రమ్మంటే వస్తదా! పాట అయిపోయేటాల్లకు, చిత్రం, అంత చప్పుడుల పోరడు మళ్ల నిద్రపోయిండు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పంతులమ్మనని ఊకున్న.

గప్పటి సంది పిల్లలు వంతులు వేసుకొని తాడు గుంజిన్రు. కొన్నాళ్లకు ఉయ్యాల దిక్కు చూడకున్నా వాళ్ల పెయ్యే అటిటు ఊగుకుంట తాళం వట్టుకున్నది. ఎక్కాలు చెప్పినా ఊగుడే, నీళ్ల కుండ కాడ నిలబడ్డా ఊగుడే.

బడి పండుగ నాడు ఊరంత వచ్చి వాకిట్ల కూసున్నరు. పిల్ల వాళ్ల అవ్వ సుత వచ్చింది. పోరడు ఆమె ఒళ్లె ఉన్నడు. ఉయ్యాల లేదు.

మొదటి చరణం మంచిగనే పోయింది. రెండో దాంట్ల పోరడు అక్కను చూసి, అవ్వ ఒళ్లెకెళ్లి జారి, పారాడుకుంట పిల్లల నడుమకు వచ్చిండు. బొద్దు పిలగాని చేతులకెళ్లి చిరుతలు గుంజుకొని ఇష్టమొచ్చినట్టు నేలకేసి కొట్టవట్టిండు. జనం ఒక్కటే నవ్వుడు. ఇగ అయిపోయింది, అందరు కలిసి ఉరుకుతరు అనుకున్న. బొద్దు పిలగాడు ఒక్కసారి నా దిక్కు చూసి, ఊగుకుంట అరచేత్తోని తొడ మీద తాళం వేసిండు. ఎక్కడ తొందరపడలే. పాట అందరిది ఒక్క టక్కుతోని ముగిసింది.

పెద్దసారు లేచి, నవ్వి నవ్వి వచ్చిన కండ్లనీళ్లు తుడుచుకుంట, "అందరు మంచిగ వాయించిన్రు. గీ ఒక్కడే తాళం తప్పిండు. వచ్చే ఏడు వీణ్ణి సుత ఒకటిల కూసోవెట్టుకో అమ్మా" అన్నడు. వాళ్ల అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వింది.

పోరడు మాత్రం ఇంకా వాయిస్తనే ఉండె. గుంజుకుంటే ఏడుస్తడని ఎవ్వలం దగ్గరికి పోలే.