అవ్వ గొంతు పెట్టిన పాట

ఆ గది హిందూపురంలో, ఒక ఫర్నిచర్ షాపు మేడమీద. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ చేరేవాళ్లం. ఆ గది మేమంతా అన్నా అని పిలిచే ఆయనది. సొంత అన్న కాదు, మాకంటే ఐదారేళ్లు పెద్దవాడు. బెంగుళూరు బ్యాండుల్లో వాయించాడని పేరు. నేను పెనుకొండలో రైలెక్కేసరికి ధర్మవరం నుంచి వచ్చే స్నేహితుడు అందులో ఉండేవాడు. వాళ్లది పట్టుచీరల అంగడి, వాడి పిచ్చి డ్రమ్స్.

మమ్మల్ని కలిపింది ప్రోగ్రెసివ్ మెటల్. గిటార్లు ఉరుముతాయి గానీ పాట పల్లవీ చరణం అని పోదు, నడుస్తూ నడుస్తూ తాళం మార్చేస్తుంది. అన్నకు ఒక అమెరికా బ్యాండంటే ప్రాణం. ఏడు దెబ్బల లెక్క ఐదుకు దిగి, తొమ్మిదికి ఎక్కి, ఎక్కడా తొణక్కుండా మొదటికి వచ్చే పాటలు వాళ్లవి. నాకు స్వీడన్ బ్యాండొకటి ఇష్టం. ఒంటి గిటారు మీద గొణుగుతున్నట్టు మొదలుపెట్టి, మనం మెత్తబడ్డాక గొంతు చించుకుని మీద పడతారు. ధర్మవరంవాడు ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల వైపు.

"నీ స్వీడనోళ్లకు లెక్క రాదబ్బా, ఏడుపొకటే వస్తాది," అనేవాడు అన్న.

"మీవాళ్లకు లెక్కొకటే వస్తాది," అనేవాణ్ణి. అప్పట్లో అందరం నవ్వుకునేవాళ్లం.

ఆ ఎండాకాలం మా అవ్వ మంచం పట్టింది. నల్లమాడ దగ్గరి పల్లెలో పుట్టి, బతుకంతా నీళ్లు మోసిన మనిషి. మమ్మల్నందర్నీ మరిచిపోయింది గానీ నీళ్లను మరవలేదు. "నీళ్లొచ్చినాయా? బిందె పెట్టినావా?" అని పగలంతా అడిగేది. వచ్చినాయవ్వా అంటే కాసేపు ఊరుకుని మళ్లీ అడిగేది. ఆ మాట ఫోన్లో రికార్డు చేసుకున్నాను. చివర ఊపిరందక ఆమె ఆగే చోటు ఒకటుంది. ఆ ఆగడమే తాళంగా పాట కట్టాను. ముందు అవ్వ గొంతు, దానికింద గిటారు, ఆమె మాట ఆగిపోయాక అన్నీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఆమె పోయాక పాట పూర్తి చేసి అన్నకు పంపాను.

ఆ ఆదివారం గదిలో కాలేజీ కుర్రాళ్లు కూడా ఉన్నారు. అన్న పాట పెట్టి, గిటారు రాకముందే ఆపేశాడు.

"ఇది పాటనా, మున్సిపాలిటీ కొళాయినా?"

అందరూ నవ్వారు. అన్న కంప్యూటర్లో అవ్వ గొంతును వేగం చేసి, ఎలుక కూతలా మార్చి, కింద డాన్సు బీటు పెట్టాడు. "ఇప్పుడు చూడు, ముసల్ది ఎట్లా ఎగురుతాదో!"

ధర్మవరంవాడు కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

"అన్నా, ఆమె పోయి నెల కూడా కాలేదు," అన్నాను.

"అయితే ఏమబ్బా? పోయినాకైనా ఫేమస్ అయితాది."

దాన్ని అన్న తన అకౌంట్లో రీల్‌గా పెట్టాడు, అది ఊళ్లన్నీ తిరిగింది. ఒక సాయంత్రం నాయన పెనుకొండ బస్టాండు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే వాకిట్లో నిలబడ్డాడు.

"మా అమ్మ గొంతు బస్టాండులో పిల్లోళ్ల ఫోన్లలోకి ఎట్ల పోయిందిరా?"

చెప్పాను. తిట్టలేదు. ఆ తర్వాత నా గదిలో ఏ పాట వినిపించినా గుమ్మం దగ్గర ఆగి, చెవి పెట్టి విని, తల వంచుకుని పోయేవాడు.

తీసేయమని అన్నను అడిగాను. "పంపింది నువ్వే కదా. జనం ఇంత చూస్తాంటే ఎవడన్నా తీస్తాడా?" అన్నాడు.

కొన్ని వారాలకు అన్న తన పెద్ద పాట వినిపించడానికి అందర్నీ పిలిచాడు. ఏళ్ల తరబడి కట్టిన పాట. బెంగుళూరు నుంచి కూడా ఇద్దరొచ్చారు. పాట అయ్యాక చప్పట్ల మధ్య నన్ను చూశాడు.

"ఏమబ్బా, మీ స్వీడనోళ్ల చేత అయితాదా ఇది?"

"మీ అమెరికావాళ్లు పాటలో ఏదో జరిగింది కాబట్టి లెక్క మారుస్తారన్నా. నువ్వు మార్చేది మార్చడం వచ్చు కాబట్టి," అన్నాను. "ఆ లెక్క కూడా నీది కాదు."

ఫోను తీసి ఆ అమెరికా బ్యాండు పాటలో ఒక ముక్క పెట్టాను, వెంటనే అప్పుడే రికార్డు చేసుకున్న అన్న పాటలో ముక్క. రెండు స్వరాలు తప్ప అంతా అదే. బెంగుళూరువాళ్లలో ఒకాయన ముందు నవ్వాడు, తర్వాత కుర్రాళ్లు. ఇంకో ముక్క పెట్టాను.

"చాలు," అన్నాడు అన్న.

ఆపలేదు. చివరిదాకా వినిపించాను. అన్న గిటారు వైరు పీకేశాడు. నాకు కడుపు నిండినట్టయింది. ఇప్పటికీ అందుకు బాధ లేదు.

అన్న గిటార్లు అమ్మేశాడు. గది ఖాళీ చేశాడు. ఆయన బామ్మర్దికి టైల్స్ షాపుంది, ఇప్పుడు అక్కడ కూర్చుంటాడు. నేను ఆ దారిన పోతే మొహం తిప్పుకుంటాడు.

ఈమధ్య రైల్లో ధర్మవరంవాడు కనబడ్డాడు. ఆ రీల్ ఇంకా తిరుగుతోందని చెప్పాడు.

"అన్నతో తీసేయించరా," అన్నాను.

"ఆయప్ప ఆ అకౌంట్ తెరిచేదే లేదు. పాస్‌వర్డ్ కూడా మరిచిపోయినాడంట. ఫోన్ పట్టుకుంటే నీ మాటలే గుర్తుకొస్తాండాయంట," అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, "ఇంక ఎవర్ని అడుగుతావు?" అన్నాడు.

పెనుకొండ వచ్చింది. దిగిపోయాను.