గట్టు మాటకి వన్స్ మోర్

అప్పలనరసింహానికి కోపం కొత్త కాదు గానీ, నవ్విస్తూ కోప్పడాల్సిన ఖర్మ మాత్రం ఈ ఏడే పట్టింది. అనకాపల్లి మార్కెట్‌కి బెల్లం దిమ్మలు పంపే చెరుకు రైతు అతను. ఊరి పండగలకి రంగు పూసుకుని స్టేజీ ఎక్కుతాడు కూడా.

అతని చేను చెరువు కిందే ఉంది. ఆ చెరువు గట్టుని ఊళ్లో నాయకుడు కృష్ణబాబు మట్టి కోసం తవ్విస్తున్నాడు. టిప్పర్లు సబ్బవరం వైపు లేఅవుట్లకి పోతున్నాయి. వానలకి గట్టు తెగిందా, ముందు మునిగేది నరసింహం చెరుకే. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. అందరూ చూస్తామన్నారు, ఎవరూ చూడలేదు.

ఇక చేసేది లేక నాటిక రాశాడు. మట్టి తిని బతికే నాయకుడి కథ. పొద్దున్న టిఫినుకి ఓ గుట్ట, మధ్యాహ్నం భోజనానికి చెరువు గట్టు, అడగవచ్చిన వాళ్లకి హామీలు. ఆ నాయకుడి వేషం తనే కట్టి, కృష్ణబాబు నడకా, మాట మధ్యలో కాలరు సర్దుకోవడం, అన్నీ అచ్చంగా దించేశాడు. పదిమందిలో నవ్వులపాలైతే సిగ్గుపడి తవ్వకం ఆపుతాడని అతని ఆశ. ఆ మనిషికి సిగ్గుందని ఇతనికి ఎవరు చెప్పారో మరి. దున్నపోతు మీద వాన పడినట్టే అవుతుందని భార్య లోవలక్ష్మి ముందే అంది. వింటేనా.

అమ్మవారి పండగనాడు నాటిక మొదలైంది. కృష్ణబాబు ముందు వరసలో సోఫాలో కూర్చుని, తన నడక చూసి తనే పగలబడి నవ్వాడు. పక్కవాళ్లని మోచేత్తో పొడిచి మరీ చూపించాడు. గట్టు తినే సీను వచ్చేసరికి కళ్లు తుడుచుకుంటూ, మనిషిని పంపి డబ్బు చదివింపు రాయించాడు.

మా వైపు చదివింపు వచ్చిందంటే నాటకం ఆగాల్సిందే. మైకులో దాత పేరు చదువుతారు. నటుడు ఉన్న వేషంలోనే ముందుకొచ్చి, చేతులు జోడించి, దాత కుటుంబాన్ని చల్లగా ఉండమని దీవించాలి. కథ ఆ తర్వాతే.

హార్మోనియం ఆగింది. దానకర్ణులు కృష్ణబాబు గారని మైకులో చదివారు. నరసింహానికి ఒళ్లు మండిపోయింది. గట్టు తిన్నవాడి వేషంలో నిలబడి గట్టు తిన్నవాణ్ణి దీవించాలా? మైకు లాక్కున్నాడు.

"బాబూ, నీ సదివింపు నాకొద్దు. మా సెరువు గట్టు తవ్వడం ఆపు. వానలొత్తే నా సెరుకంతా కొట్టుకుపోద్ది."

చప్పట్లు, ఈలలు, వన్స్ మోర్‌లు.

ఇది కథలో మాట కాదని నరసింహం మొత్తుకున్నాడు.

"నాటకం కాదర్రా, నిజంగానే సెప్తన్నాను."

ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. పెట్టుడు మీసం పీకి పారేస్తే ఏం నటనరా అన్నారు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. అతనికి నిజం ఏడుపే వచ్చింది, దానికీ వన్స్ మోర్ కొట్టారు. ఇలాంటి జనంతో ఎవడు వేగగలడు? చప్పట్లు కొట్టేవాళ్లలో సగం మంది చేలు ఆ చెరువు కిందవే. లోవలక్ష్మి ఒక్కతే చేతులు కట్టుకుని నిలబడి మొగుణ్ణి చూస్తోంది.

కృష్ణబాబు స్టేజీ ఎక్కి శాలువా కప్పాడు. ఫొటోకి గట్టిగా కావలించుకున్నాడు. మైకుకి అందకుండా, ప్రేమగానే, చెవిలో అన్నాడు.

"ఆ ఆకరి డైలాగు శానా బాగుంది బావా. వచ్చే ఏడూ అదే ఉంచు. గట్టు ఉన్నా, నేకపోయినా."